అరిస్తెయో ఊరి కొలువు

శాసనసభ్యుడిగా ఉన్న మూడేళ్లలో అరిస్తెయో మన్సానో పద్నాలుగు ఊళ్లలో బాస్కెట్‌బాల్ కోర్టులకు రేకుల కప్పు వేయించాడు. పదిహేనోది సొంత ఊరు యాలబేలో వేయించాడు. పద్నాలుగు ఊళ్లూ బ్యాండుమేళంతో ఎదురొచ్చి, మెడలో పూలదండ వేసి, సజీవంగా ఒక టర్కీ కోడిని చేతిలో పెట్టి సాగనంపాయి. యాలబే మాత్రం ఆ కప్పు కింద ఆడుకుంది, పాడుకుంది, పెళ్లిభోజనాలు పెట్టుకుంది గానీ దాని గురించి ఒక్క మాటా అనలేదు.

ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునే తీరిక లేదు.

పదమూడో ఏట కాఫీ బస్తాల మీద కూర్చుని లారీలో కొండ దిగినవాడు ఆయన. సర్కారు హాస్టల్లో చదివి ఇరవయ్యో ఏట మాష్టారయ్యాడు. ఇరవై ఆరేళ్లు కొండ ఊళ్లలో, పొగమంచుకు సుద్దముక్క కూడా మెత్తబడే బడుల్లో పాఠాలు చెప్పాడు. మధ్యలో తనలాగే టీచరు పని చేస్తున్న దెల్ఫీనాను పెళ్లి చేసుకున్నాడు. ఆమెది ఎండ ఎక్కువ కాసే లోయ ఊరు. జీతాలు ఆగిపోయిన ఏడాది టీచర్లందరూ రాష్ట్ర రాజధాని వహాకా నగరం నడిబొడ్డున టార్పాలిన్లు కట్టుకుని నెలన్నర కూర్చున్నప్పుడు, ఎవరో మెగాఫోను ఆయన చేతికిచ్చారు. గొంతు బాగుందన్నారు. ఆ గొంతే ఆయన్ను సంఘం నాయకుణ్ణి చేసింది. కొండవాళ్ల జపోతెక్ మాట, నగరం స్పానిష్ మాట రెండూ తెలిసిన మనిషి కోసం వెతుకుతున్న పార్టీ చివరికి ఆయన గుమ్మం ముందు ఆగింది. యాభై అయిదో ఏట అరిస్తెయో రాష్ట్ర శాసనసభలో మూడో వరసలో కూర్చున్నాడు.

శాసనసభలో ఆయన గది మంచం పట్టేంత ఉండేది. దాని ముందు నడవాలో పొద్దున ఏడింటి నుంచే జనం. ఎవరూ వట్టి చేతులతో వచ్చేవారు కాదు. ఒకరు సీమ వంకాయలు, ఒకరు నల్ల చిక్కుడు గింజలు, ఇంకొకరు ఇంట్లో వేయించిన కాఫీ తెచ్చేవారు. తెచ్చింది మూల పెట్టి, ఊళ్లో వానల సంగతి మొదలుపెట్టేవారు. అరిస్తెయో గడియారం చూసేవాడు. "విషయం చెప్పండి. బయట ఇంకా పాతికమంది ఉన్నారు," అనేవాడు. కసురుకోవడం కాదు. నిజంగానే పాతికమంది ఉండేవారు.

ఆ మూడేళ్లలో ఆయన గర్వపడే పని మాత్రం రేకుల కప్పులు కాదు, చట్టంలో ఒక్క క్లాజు. ఊళ్లో ఎవరు పౌరుడో, ఎవరికి సభలో కూర్చుని చెయ్యెత్తే హక్కుందో ఊరి సభే తేల్చాలి. ఊరి కొలువులు, అంటే జీతం లేకుండా వంతులవారీగా చేసే ఊరి పనులు, స్వయంగా చేసినవాడికే ఆ హక్కు. ఆ తీర్పు మీద పైవాళ్ల మాట చెల్లదు. ఈ మూడు ముక్కల కోసం పద్దెనిమిది నెలలు తిరిగాడు. 'స్వయంగా' అనే మాట దగ్గర పెద్ద పేచీ వచ్చింది. పశువుల వ్యాపారులు, కొట్ల యజమానులు తమ బదులు కూలివాణ్ణి కొలువుకు పంపి, ఆ తర్వాత ఊరి ప్రెసిడెంటు అధికారపు కర్ర మాకే కావాలంటున్నారని అరిస్తెయోకి కోపం. సముద్రం వైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడికి రోడ్డు కావాలి. ఆ రోడ్డుకి అరిస్తెయో చెయ్యెత్తాడు, ఆ సభ్యుడు ఈ మాటకి చెయ్యెత్తాడు. క్లాజు నెగ్గిన రోజు గ్యాలరీలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నలభై ఏళ్లుగా యాలబేలో తన వంతు పనికి ఒక పినతండ్రి కొడుకుని పంపుతున్న సంగతి ఆ రోజు ఆయనకి తోచనే లేదు.

*

పదవి అయిపోయింది. తల్లి వదిలిపోయిన మట్టి ఇంటికి కొత్త పెంకు వేయించి, దెల్ఫీనాతో కలిసి వచ్చేశాడు అరిస్తెయో. ఇంటి వెనక నాలుగు వరసల కాఫీ మొక్కలు, ఏటవాలున కాస్త మొక్కజొన్న. ఇక్కడే ఉండాలి, ఇక్కడే పోవాలి, తల్లి పక్కన పూడ్చాలి. ఆయన కోరిక అంతకు మించి లేదు. అయితే యాలబే శ్మశానంలో చోటు ఊరి జాబితాలో పేరున్నవాళ్లకే. జాబితాలో పేరు కొలువు చేసినవాళ్లకే. అరవై నిండినవాడికి ఊరు కొలువు ఇవ్వదు, విశ్రాంతి ఇస్తుంది. ఒక్క కొలువూ చెయ్యకుండా అరవై నిండితే ఇక ఎప్పటికీ లేనట్టే. అరిస్తెయోకి అరవై నిండడానికి ఏడాదీ నాలుగు నెలలు ఉంది.

నవంబరు సభలో ఆయన లేచి నిలబడ్డాడు. ఊరి కచేరీ హాల్లో బెంచీల మీద మూడొందల మంది. ఎదురుగా బల్ల దగ్గర ప్రెసిడెంటు ఓదిలోన్ యెస్కాస్. ఒకటో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ. ఓదిలోన్ పెద్దకూతురి బాప్తిజం నాడు జ్ఞానతండ్రిగా పాపను ఎత్తుకున్నది అరిస్తెయోనే. అప్పటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రె అని పిలుచుకుంటారు.

యాలబే సభలో మాట్లాడేవాడు టోపీ తీస్తాడు, పెద్దల్ని క్షమించమంటాడు, విషయం రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంటాడు. అరిస్తెయో టోపీ తీశాడు. తర్వాత అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు.

"మైకు లేదా?"

"చెవులున్నాయిలే, చెప్పు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆయన స్పానిష్‌లో ఎత్తుకున్నాడు. గౌరవనీయ సభ అన్నాడు, చారిత్రక ఘట్టం అన్నాడు. బడిపిల్లల పుస్తకాలు, ఆసుపత్రి మందులు, పదిహేను కప్పులు ఏకరువు పెట్టాడు. ఇరవై నిమిషాలయ్యాక ముందు బెంచీలో కూర్చున్న పెత్రోనీలా పిన్ని, ఆయన తల్లికి చెల్లెలు, ఎనభై ఏళ్ల మనిషి, చేతికర్ర నేలకేసి కొట్టింది.

"ఒరేయ్, నా పొయ్యి మీద చిక్కుళ్లు మాడుతున్నాయిరా. నీకేం కావాలో జపోతెక్‌లో చెప్పు."

అరిస్తెయో ఆగాడు. జపోతెక్‌లో చెప్పడానికి ఒక్క వాక్యమే మిగిలింది. "నా పేరు జాబితాలో రాయండి."

"ఎందుకు రాయాలి?" బ్యాండులో ట్రంపెట్ ఊదే ఫిదెన్సియో లేచాడు. "నీ బదులు పనికొచ్చింది మీ తమ్ముడు. చేతులు అరిగింది వాడికి. వాడి పేరు జాబితాలో ఉంది."

"కోర్టుకి కప్పు..."

"వేసింది వహాకా కంట్రాక్టరు. మేం నిచ్చెన కూడా పట్టుకోలేదు. రేకులు పైకెక్కుతుంటే ఊరంతా కింద నిలబడి చూసింది, సర్కసు చూసినట్టు. అది నీ కప్పు."

"మరి వానొస్తే కిందకెందుకు పోతారు?"

"పక్కింటి చూరు కిందకీ పోతాం. పోయినంత మాత్రాన ఇల్లు మాదవుతుందా?"

నవ్వులు లేచాయి. అరిస్తెయో కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఊరి సెక్రటరీ హెర్మీలో గొంతు సవరించుకుని, మడతలు పడ్డ ఒక గెజిట్ తీశాడు. కళ్లజోడు పెట్టుకుని, ఊరి కొలువులు స్వయంగా చేసినవాడికే ఆ హక్కు అని తాపీగా చదివాడు.

"ఇది తెచ్చిందెవరు, శాసనసభ్యులు గారూ?"

"నేనే."

"ఈ 'స్వయంగా' అనేది?"

"అదీ నేనే."

"మంచి మాట పెట్టారు. మాకు తట్టలేదు," అన్నాడు హెర్మీలో. వెటకారం లేదు. అందుకే హాలు పగలబడి నవ్వింది.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. జనవరి ఒకటి నుంచి ఏడాదిపాటు అరిస్తెయో తోపిల్‌గా చెయ్యాలి. తోపిల్ అంటే కచేరీ ఊడ్చేవాడు, కట్టెలు మోసేవాడు, తాగి పడ్డవాళ్లను కటకటాల్లో పెట్టి కాపలా కాసేవాడు, ఇంటింటికీ కబురు మోసేవాడు. ఊరి కొలువుల్లో అన్నిటికంటే కింది మెట్టు. ఏడాది చివర సభ చూసి, సరిగా చేశాడనుకుంటే పేరు రాస్తుంది. మధ్యలో వదిలితే చేసింది కూడా లేనట్టే.

"యాభై ఎనిమిదేళ్ల వాణ్ణి తోపిలా?" అని ఒకాయన గొణిగాడు.

"ఏం, చీపురు బరువా?" అంది పెత్రోనీలా పిన్ని. "మా ఆయనా చీపురు దగ్గరే మొదలెట్టాడు, ఇదిగో ఈ ప్రెసిడెంటూ అంతే. మా అక్క కొడుకు వీళ్లందరికంటే పొడుగా?"

ఇంటికొచ్చి చెబితే దెల్ఫీనా నూరుతున్న మసాలా పక్కన పెట్టి ఆయన వంక చూసింది.

"మూడేళ్లు నీ సూట్లు లాండ్రీకి వేసి తెచ్చాను. చీపురుకి లాండ్రీ లేదు. నువ్వే చూసుకో," అంది. మళ్లీ మసాలా అందుకుంటూ, "మెడకి మఫ్లరు చుట్టుకుని పో. ఈ దిక్కుమాలిన మంచులో ఊడిస్తే దగ్గొస్తుంది," అని కూడా అంది.

*

తోపిళ్లు పన్నెండు మంది, ఒక్కో జట్టుకి ఒక్కో వారం. మిగతా పదకొండు మందిలో ఎవరికీ పాతికేళ్లు లేవు. ఆయన్ను మాష్టారూ అన్నారు. మొదటి వారం ఆయన ఊడ్చిన చోట మళ్లీ ఊడ్చారు. రెండో విడతకు ఆయనే నేర్చుకున్నాడు. మంచుకి తడిసిన వరండా మీద ముందు రంపపు పొట్టు చల్లాలి, అప్పుడు చీపురు వెయ్యాలి. నడుము నొప్పి పుట్టింది. నిద్ర బాగా పట్టింది.

మార్చిలో తప్పు చేశాడు.

కొండ మీది ఊట నుంచి ఊరికి నీళ్లు తెచ్చే కాలువ పూడిపోయింది. శనివారం తెకియో, అంటే ఊరంతా చేతులు వేసే పని. పై వీధి నలభై ఇళ్లకు కబురు చెప్పే వంతు అరిస్తెయోది. ఆయన సంతోషంగా ఇంటికి పోయి, టైపు మిషను ముందు కూర్చున్నాడు. తేదీ, సమయం, స్థలం, తేవలసిన పనిముట్లు. కింద 'సహకరించవలసిందిగా ప్రార్థన'. నలభై కాపీలు తీయించి, గంటలో నలభై తలుపుల కింద తోసి వచ్చాడు. పన్నెండు మంది తోపిళ్లలో ఇంత చురుగ్గా కబురు చెప్పినవాడు లేడనుకున్నాడు.

శనివారం పై వీధి నుంచి ఏడుగురు వచ్చారు. వాళ్లలో ఒకాయన పార తేలేదు. కళ్లజోడు లేదని, ఆ కాగితంలో ఏముందో చదివించుకోవడానికి వచ్చాడు.

ఓదిలోన్ మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఉన్నాడు.

"కొంపాద్రె, పై వీధిని పిలిచావా?"

"పిలిచాను. ఇంటింటికీ కాగితం ఇచ్చాను."

"కాగితం ఇచ్చావు. పిలిచావా అంటున్నాను."

"అదే కదా..."

"కాగితం కోర్టు నుంచి వస్తుంది, కరెంటాఫీసు నుంచి వస్తుంది. కాగితం వస్తే మా ఆవిడ దాన్ని మేరీమాత పటం వెనక దాస్తుంది, ఏ కొంప మునుగుతుందో అని. నువ్వు వాళ్లను పిలవలేదు, భయపెట్టావు." నుదుటి చెమట తుడుచుకుని ఓదిలోన్ కాలువ వైపు చూశాడు. "వచ్చే శనివారం మళ్లీ పెడదాం. ఈసారి నోటితో చెప్పు."

నోటితో చెప్పడానికి మూడు రోజులు పట్టింది. కంచె బయట నిలబడి పిలవాలి. కుక్క అరుస్తుంది. లోపలి నుంచి ఎవరో చూసి, రమ్మనే దాకా అడుగు వెయ్యకూడదు. పెట్టిన పీట మీద కూర్చోవాలి. ఇచ్చిన కాఫీ తాగాలి. మొక్కజొన్న ఎంతెత్తు వచ్చింది, పెద్దదానికి నొప్పులు వచ్చాయా, గాడిద కుంటు తగ్గిందా అని అడగాలి. అవన్నీ అయ్యాక, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని, శనివారం కాలువకి ఒక మనిషి చెయ్యి కావాలని చెప్పాలి. చెప్పి వెంటనే లేవకూడదు.

మొదటి రోజు నాలుగో ఇంట్లో అలవాటు కొద్దీ గడియారం చూశాడు. ఇంటావిడ గ్లాసు కడుగుతూ, "ఎక్కడికన్నా పోవాలా, మాష్టారూ?" అంది. లేదన్నాడు. నిజమే, ఎక్కడికీ పోనక్కర్లేదు. రెండో రోజు గడియారం ఇంట్లో వదిలేశాడు.

బెల్లం కాఫీ, రొట్టె. బెల్లం కాఫీ, రొట్టె. ఇరవయ్యో ఇంటికి కడుపు డప్పులా ఉబ్బింది. ఇంటింటికీ ఒక సంగతి తెలిసింది. ఒకరికి బావిలో కప్ప, ఒకరికి సరిహద్దు కంచె, ఒకరికి అల్లుడు. మూడేళ్లు తన గది బయట నడవాలో నిలబడ్డవాళ్లు కూడా ఇలాంటి సంగతుల్నే మొదలుపెట్టి ఉంటారనిపించింది. విషయం చెప్పండని తను కోసేసినవి ఇవే. ఆ ఆలోచన కొంచెం నొచ్చింది. కానీ ఎదురుగా ఉన్న రొట్టె వేడిగా ఉంది, తిన్నాడు.

ఫిదెన్సియో ఇంట్లో ట్రంపెట్ బల్ల మీద ఉంది.

"నీ కప్పు గురించి ఒకటి చెప్పనా? సభలో చెప్పలేదు, నువ్వు నొచ్చుకుంటావని," అన్నాడు ఫిదెన్సియో.

"సభలో నువ్వు దాచుకున్నది కూడా ఉందా?"

"వాన పడితే రేకుల చప్పుడుకి మా ఊదుడు మాకే వినపడదు. పోయిన పండక్కి క్లారినెట్ వాళ్లు ఒక పాట, మేమొక పాట వాయించాం. సగం పాట అయ్యేదాకా ఎవరికీ తెలియలేదు."

అరిస్తెయో గ్లాసు కింద పెట్టి నవ్వాడు. కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఫిదెన్సియో భార్య వంటింట్లోంచి తొంగి చూసింది, ఏమైందో అని.

చివరి ఇల్లు పెత్రోనీలా పిన్నిది. ఆమె కంచె దగ్గరే ఉంది, అయినా పిలిచేదాకా పలకలేదు.

"ఎవరు?"

"నేనే పిన్నీ, అరిస్తెయోని."

"ఏ అరిస్తెయో?"

"తోపిల్‌ని."

"అలా చెప్పు. రా లోపలికి."

ఆ శనివారం పై వీధి నుంచి ముప్పై ఎనిమిది ఇళ్లు కాలువ దగ్గరికి వచ్చాయి. మిగతా రెండిళ్లలో ఒకరికి కాన్పు, ఒకరికి జ్వరం. ఆ సంగతి కచేరీలో చెప్పగలిగినవాడు అరిస్తెయో ఒక్కడే.

*

జూన్‌లో ఒక మధ్యాహ్నం తెల్ల బండి కచేరీ ముందు ఆగింది. పార్టీలో అభ్యర్థుల వ్యవహారం చూసే లాయరు పలాసియోస్ దిగాడు. మెలికల దారికి మొహం పాలిపోయి ఉంది. అరిస్తెయో తోపిల్ కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ప్రెసిడెంటు, మిగతా జట్టు సరిహద్దు రాళ్లు చూడ్డానికి పోయారు. గుమ్మం వదలకూడదు.

"దోన్ అరిస్తెయో! ఏమిటిది, కర్రేమిటి? ఎవరన్నా కొట్టడానికొస్తున్నారా?"

"కాపలా. ఆ బెంచీ మీద కూర్చోండి, నేనిక్కడి నుంచే వింటాను."

పలాసియోస్ కూర్చోలేదు. మాట త్వరగా తేల్చాలి. ఉప ఎన్నిక వచ్చింది, పార్టీ మళ్లీ అరిస్తెయోనే నిలబెట్టాలనుకుంటోంది. ఈసారి సీటు గెలిచినట్టే, ఎదుటివాడికి కొండ మాట రాదు. కాగితాలు శుక్రవారం లోపల పెట్టాలి, రేపు పొద్దున్నే కొండ దిగాలి. కమిటీ అధ్యక్ష స్థానం కూడా మాట్లాడి పెట్టారు.

మూడో వరసలో తన బల్ల, మీట నొక్కితే ఎర్రగా వెలిగే మైకు, తన పేరు పిలిచాక సభలో ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం. అవన్నీ అరిస్తెయో కళ్ల ముందు కదిలాయి. ఆశ లేదంటే అబద్ధం. చెయ్యాలనుకుని చెయ్యలేనివి ఎన్నో ఉండిపోయాయి.

"నాకిక్కడ డిసెంబరు దాకా కొలువుంది," అన్నాడు.

"ఎవరినన్నా పెట్టండి. కుర్రాళ్లకి కరువా?"

"కుదరదు. స్వయంగా చెయ్యాలి. చట్టం."

"ఎవడు చేశాడండీ అలాంటి చట్టం?"

"నేనే. మన పార్టీ అంతా చెయ్యెత్తింది. గ్యాలరీలో మీరూ చప్పట్లు కొట్టారు."

పలాసియోస్ అప్పుడు బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రానికి చెబుతానని, ఈలోగా ఇంటికెళ్లి భోజనం చెయ్యమని అరిస్తెయో ఆయన్ను పంపాడు. దెల్ఫీనా చిక్కుళ్లూ వేడి రొట్టెలూ పెట్టి, మాట మాత్రం ఏదీ ఇవ్వలేదు.

ఓదిలోన్ నాలుగింటికి వచ్చి, బూట్ల బురద గీకుకుంటూ అంతా విన్నాడు.

"వెళ్లాలనుంటే వెళ్లు, కొంపాద్రె. ఆపడానికి నాకు హక్కు లేదు. సభ కూడా ఏమీ అనదు."

"తిరిగొస్తే?"

"తిరిగొస్తే ఎప్పట్లాగే. చుట్టంలా చూస్తాం. బ్యాండు పెడతాం. అందరి కంటే మంచి కుర్చీ వేస్తాం."

ఓదిలోన్ మంచి మనసుతోనే అన్నాడు. అరిస్తెయోకి ఆ కుర్చీ తెలుసు. ఏళ్ల తరబడి ప్రతి పండక్కీ ఊరు తనకి వేస్తున్న కుర్చీ అది. ముందు వరసలో, చేతులున్న కుర్చీ. మిగతా ఊరంతా బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ, నవ్వుకుంటూ ఉండేది. ఆయన ముందు వరసలో ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టేవాడు.

ఇంటికి నడిచి వెళ్లేసరికి పలాసియోస్ వరండాలో రెండో గ్లాసు కాఫీ తాగుతున్నాడు.

"ఈ వారమంతా నా వంతు ఉంది," అన్నాడు అరిస్తెయో. "వచ్చే వారం ఖాళీనే గానీ, అప్పటికి మీ శుక్రవారం అయిపోతుంది. ఇంకెవరినన్నా చూడండి. కొండ అవతలి ఊళ్లో ఒకావిడ ఉంది, నర్సు. నాకంటే బాగా మాట్లాడుతుంది, తక్కువసేపు మాట్లాడుతుంది. ఉత్తరం రాసిస్తాను."

పలాసియోస్ చాలాసేపు వాదించాడు. చివరికి ఉత్తరం జేబులో పెట్టుకుని పోయాడు. బండి మలుపు తిరిగాక దెల్ఫీనా గ్లాసులు తీస్తూ అడిగింది.

"బాధగా ఉందా?"

"ఉంది కొంచెం."

"ఉండనీ. నాకు మాత్రం ఆ నగరంలో మూడో అంతస్తు మెట్లు ఎక్కే పని తప్పింది." ఆమె శాలువా దగ్గరికి లాక్కుంది. "ఇక్కడ చలే. కానీ మెట్లు లేవు."

*

డిసెంబరు ఆఖరి ఆదివారం సభ. కొలువు దిగే తోపిళ్లు పన్నెండు మందీ టోపీలు చేత్తో పట్టుకుని గోడ వారన నిలబడ్డారు. ఒక్కొక్కరి పేరే పిలిచి, ఎవరికన్నా అభ్యంతరం ఉందా అని ఓదిలోన్ అడిగాడు. అరిస్తెయో పేరు తొమ్మిదోది. ఎన్నికల ఫలితాల కోసం కూడా ఆయన ఇంత ఆత్రంగా ఎదురుచూడలేదు.

"ఒకటుంది," అని ఫిదెన్సియో లేచాడు. "మార్చిలో ఒక శనివారం ఈయన కాగితాల వల్ల పాడైంది. ఊరికి ఒక రోజు నష్టం."

మాట్లాడ్డానికి అరిస్తెయో వంతు వచ్చింది.

"పెద్దలు క్షమించాలి," అన్నాడు అరిస్తెయో జపోతెక్‌లో. "నిజమే. ఆ రోజు నేను పిలవలేదు. ఇంకో రోజు చేస్తాను." అని ఆగిపోయాడు.

ఇంకా ఏదన్నా చెబుతాడేమో అని సభ కాసేపు చూసింది. ఏమీ లేదు.

"అంతేనా?" అన్నాడు ఫిదెన్సియో.

"అంతే."

"అయితే జనవరిలో ఒక శనివారం వచ్చి గుడి వెనక కట్టెలు కొట్టమనండి. నా అభ్యంతరం అయిపోయింది," అని ఫిదెన్సియో కూర్చున్నాడు.

చేతులు లేచాయి. హెర్మీలో పెద్ద పుస్తకం తెరిచి, చివరి పేజీలో, ఆ ఏడాది కొలువు చేసి చేరిన కుర్రాళ్ల పేర్ల కింద, మూడొందల ఇరవై ఏడో నంబరు వేసి మన్సానో అరిస్తెయో అని రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓదిలోన్ తర్వాతి పేరు పిలిచాడు.

పన్నెండు మందీ అయ్యాక, వెళ్లి కూర్చోమన్నారు. మూడో బెంచీలో వాళ్లు జరిగి కాస్త చోటు చేశారు. అరిస్తెయో సగం బెంచీ మీద, సగం గాలిలో కూర్చున్నాడు. పక్కాయన మోచెయ్యి పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

తర్వాతి విషయం గాడిదలు. కట్టు తెంపుకున్న గాడిదలు బాస్కెట్‌బాల్ కోర్టులోకి వచ్చి నేలంతా పాడు చేస్తున్నాయి. పట్టుకుని ఊరి దొడ్లో కట్టెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు. యజమాని దాన్ని విడిపించుకోవాలంటే ఊరికి ఒక పూట పని చెయ్యాలా, రోజంతా చెయ్యాలా అన్న దగ్గర చిక్కొచ్చింది. ముప్పావు గంట వాదన జరిగింది. గాడిద తప్పు, యజమాని తప్పు, తాడు అమ్మిన కొట్టువాడి తప్పు అన్నీ బయటికొచ్చాయి. రాష్ట్రంలో ఇంతకంటే తక్కువ చర్చతో ఆమోదం పొందిన చట్టాలు ఆయన చూశాడు.

"ఒక పూట అనేవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు ఓదిలోన్.

అరిస్తెయో చెయ్యెత్తాడు. మోచెయ్యి పక్కాయన టోపీకి తగిలి అది కింద పడింది. హెర్మీలో వేలితో చూపిస్తూ వరసలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

"రోజంతా అనేవాళ్లు?"

హాలు నిండా చేతులు. ముందు బెంచీలో, ఎన్నడూ గాడిదను పెంచని పెత్రోనీలా పిన్ని చెయ్యి అందరికంటే పైకి లేచింది.

"చిత్తుగా ఓడిపోయావు," అన్నాడు పక్కాయన, టోపీ దులుపుకుంటూ.

"అవును," అన్నాడు అరిస్తెయో. "ఆ ముప్పై మంది ఇంకెవరో చూశావా నువ్వు?"